పంట వచ్చినప్పుడు కొనండి, ఎండ ఉన్నప్పుడు ఆరబెట్టండి: కర్నూలు ఇంటి ఖర్చుల లెక్క

కర్నూలు మార్కెట్ యార్డు ముందు ఉల్లి బస్తాల ట్రాక్టర్లు బారులు తీరే సెప్టెంబరులో కూడా, అదే ఊళ్లో అపార్ట్‌మెంట్లకు ఉల్లిగడ్డలు కిలో ప్యాకెట్లలో వస్తున్నాయి. ఫోన్‌లో నొక్కితే చాలు, స్కూటర్ మీద తెచ్చిస్తారు. 2025 సెప్టెంబరులో ధర పడిపోయి, ప్రభుత్వమే రైతు దగ్గర క్వింటా 1,200 రూపాయలకు కొనాల్సి వచ్చింది. అంటే కిలో 12 రూపాయలు. ఆ రోజుల్లో మీ ఇంట్లో ఉల్లిగడ్డలు కిలో ఎంతకు కొన్నారో ఒకసారి గుర్తు చేసుకోండి.

మనం పంట గడపలో ఉన్నాం. ఉల్లి, టమోటా, కంది, శనగ, చెనిక్కాయ (వేరుశనగ), మిరప, సోనా బియ్యం, అన్నీ ఈ చుట్టుపక్కలే పండుతాయి. వీటిలో ప్రతిదానికీ ధర దిగే నెల ఒకటుంటుంది. ఎండబెట్టుకోవడానికి కావలసిన ఎండ కూడా మనకు కావలసినదానికంటే ఎక్కువే ఉంది. అయినా ఇంటి సరుకులు పెద్ద నగరాల్లోవాళ్లలాగే నెలకో చీటీ రాసి తెచ్చుకుంటున్నాం. టీ మానేయండి, సినిమా మానేయండి అని ఇక్కడ చెప్పబోవడం లేదు. కొనే వస్తువు అదే, తినే తిండి అదే. కొనే నెల, కొనే చోటు, వాడే తీరు మార్చితే ఎంత మిగులుతుందో చూద్దాం.

మొదటి అడుగు: నెల లెక్క కాదు, ఏడాది లెక్క

ఒక నోటుబుక్కు తీసుకుని పన్నెండు నెలలకూ పన్నెండు పేజీలు కేటాయించండి. ప్రతి పేజీలో ఆ నెలలో మాత్రమే వచ్చే ఖర్చు ముందు రాయండి. జూన్‌లో బడి ఫీజులు, పుస్తకాలు. దసరాకు, సంక్రాంతికి బట్టలు. ఏప్రిల్‌లో ఇంటి పన్ను. ఏప్రిల్, మే నెలల్లో కరెంటు బిల్లు, ఊరగాయలు. మన ఇళ్లల్లో అప్పు పుట్టేది ఎక్కువగా ఈ ఖర్చుల దగ్గరే. రోజూ కొనే పాల దగ్గర, కూరగాయల దగ్గర కాదు.

తర్వాత ఏడాది పాటు వచ్చిన కరెంటు బిల్లులు ఒకచోట పెట్టండి. మనది ఏపీఎస్పీడీసీఎల్ అనే కరెంటు కంపెనీ పరిధి. సర్వీసు నంబరు ఉంటే పాత బిల్లులు వాళ్ల యాప్‌లోనే దొరుకుతాయి. ఈ కాగితాలతో తర్వాత పనుంది.

మూడోది అంగట్లో ఖాతా. నెలంతా రాయించుకుని ఒకటో తేదీ కట్టే పద్ధతి సుఖంగానే ఉంటుంది. కానీ రాయించుకునేటప్పుడు ధర అడగం. పిల్లోణ్ని పంపి "రాసుకోమను" అంటాం. ఒక్క నెల మాత్రం ఖాతా అలాగే ఉంచి, తెచ్చిన ప్రతి వస్తువు ధరా రాయించుకుని, అదే వస్తువు హోల్‌సేల్ అంగట్లో ఎంతుందో పక్కన రాయండి. తేడా మరీ తక్కువైతే ఖాతా మానొద్దు. అవసరానికి అప్పిచ్చే అంగడి పక్కన ఉండడం కూడా ఒక లాభమే.

రెండో అడుగు: సరుకుల క్యాలెండరు

సంవత్సరంలో మన జేబుకు ముఖ్యమైన కాలం సంక్రాంతి నుంచి ఉగాది దాటేదాకా. కొత్త కందులు, ధనియాలు జనవరి, ఫిబ్రవరిలో దిగుతాయి. కోయిలకుంట్ల, ఆళ్లగడ్డ వైపు నల్లరేగడి నేలల్లో శనగ కోత ఫిబ్రవరికల్లా అయిపోతుంది. ఎండుమిరప ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా వస్తుంది. చింతపండు కూడా ఆ కాలానిదే. కడప వైపు పసుపు కొత్త పంట వేసవికల్లా మార్కెట్లో ఉంటుంది. చెనిక్కాయలకు మాత్రం ముఖ్యమైన కాలం అక్టోబరు, నవంబరు.

నలుగురున్న ఇంటికి ఏడాదికి ఎంత కావాలో మీ వంటను బట్టి ఉంటుంది. మోటుగా చెప్పాలంటే కందిబ్యాళ్లు (కందిపప్పు) 25 కిలోలు, చింతపండు 5 కిలోలు, ఎండుమిరపకాయలు 4 కిలోలు, ధనియాలు 2 కిలోలు, పసుపు కిలో. సీమ వంటకు మిరపకాయలు 4 కిలోలు చాలవనేవాళ్లు కూడా ఉంటారు, ఒక కిలో పెంచుకోండి. ఇన్నీ ఒకేసారి కొనాలంటే చేతిలో డబ్బుండాలి. అందుకే మార్చి తర్వాతి నెల నుంచే బ్యాంకులో ఏడాదికి చిన్న రికరింగ్ డిపాజిట్ లాంటిదో, వేరే డబ్బానో పెట్టి నెలనెలా కొంత వేయాలి. మొదటి ఏడాది చింతపండు, మిరపకాయలతో ఆపండి. రెండో ఏడాదికి బ్యాళ్లు చేర్చండి. అప్పు చేసి ఏడాది సరుకు కొంటే, మిగిలేదంతా వడ్డీకే పోతుంది.

కొన్నంత సులువు కాదు నిలవ పెట్టడం. బ్యాళ్లను మంచి ఎండలో రెండు దినాలు ఆరబెట్టి, వేడి పూర్తిగా చల్లారాక డబ్బాలో పోయాలి. వేడి మీదే మూత పెడితే లోపల చెమ్మ పట్టి పురుగు పడుతుంది. చాలా ఇళ్లల్లో పురుగు పడేది ఇక్కడే, నింద మాత్రం అంగడాయన మీద పడుతుంది. కిలో బ్యాళ్లకు ఒక చెంచా ఆముదం చేతికి రాసుకుని గింజగింజకూ పట్టేటట్టు కలపడం పాత పద్ధతి, ఇప్పటికీ దాన్ని మించింది లేదు. వండేముందు కడిగితే వాసన పోతుంది. డబ్బా అడుగున ఎండిన వేపాకు, పైన నాలుగు ఎండుమిరపకాయలు. జులై, ఆగస్టులో ఎండ కాసిన ఒక దినం చూసి మళ్లీ ఒకసారి మిద్దె మీదికి ఎక్కించాలి. బియ్యంలో బోరిక్ పౌడర్ కలిపేవాళ్లున్నారు, వద్దు. అది తినే వస్తువు కాదు.

చింతపండు గింజ, పీచు తీసి, ఉప్పు కలిపి జాడీలో గట్టిగా అదమాలి. గింజ తీయనిది చవగ్గా దొరుకుతుంది. కానీ తూకంలో గింజ బరువు ఎంతో కొంత కాదు, చాలానే ఉంటుంది. ఒక కిలో కొని, ఇంట్లో ఒలిచి, పండు ఎంత వచ్చిందో తూచి చూసుకున్నాకే ఏది లాభమో తేల్చుకోండి. మిరపకాయలు తొడిమలతోనే నిలవ పెట్టి, రెండు నెలలకు సరిపడా మాత్రం పొడి కొట్టించుకుంటే రంగూ ఘాటూ నిలుస్తాయి.

కందులే తెచ్చి పప్పు పట్టించుకుంటే ఇంకా చవక కదా అంటారు. ఊళ్లో ఇంటి పంట ఉన్నవాళ్లకు నిజమే. పట్నంలో ఉండేవాళ్లకు నానబెట్టడం, ఆరబెట్టడం, మిల్లు వెతకడం, నూక, పొట్టు పోను మిగిలేది లెక్కేస్తే ఆ శ్రమకు తగింది రాదు.

బియ్యం దగ్గర ఒక కిటుకుంది. ఖరీఫ్ వడ్లు కోసి ఆడించే డిసెంబరు, జనవరిలో కొత్త బియ్యం ధర తక్కువ. అన్నం మెత్తబడుతుందని ఎవరూ ఇష్టపడరు. అప్పుడు మూడు నాలుగు మూటలు కొని ఇంట్లోనే ఆరు నెలలు పాతబెడితే, అంగట్లో పాత సోనాకు అడిగే ఎక్కువ ధర మీకు తప్పుతుంది. అంతవరకు తినడానికి పాత బియ్యం ఎటూ కొనాలి కాబట్టి ఈ పద్ధతి మొదటి ఏడాది కాస్త బరువనిపిస్తుంది. మూట కొనేటప్పుడు బరువు చూడండి. 25 కిలోలు, అంతకు తక్కువ ఉండే ప్యాకెట్లకు 2022 జులై నుంచి 5 శాతం జీఎస్టీ పడుతోంది. అందుకే 26 కిలోల మూటలు వచ్చాయి. "మూట ఎంత?" అని అడగొద్దు, "కిలో ఎంత పడుతుంది?" అని అడగండి.

నూనె గురించి ఒక మాట. గానుగ పట్టించుకుంటే చవక అనే నమ్మకం మన వైపు గట్టిగా ఉంది. లీటరు చెనిక్కాయల నూనెకు రెండున్నర నుంచి మూడు కిలోల గింజలు పడతాయి. గింజల ధర వేసి చూసుకోండి, ప్యాకెట్ నూనెకంటే ఎక్కువే తేలుతుంది. గానుగ నూనె రుచి కోసం, నమ్మకం కోసం కొనండి, పొదుపు పద్దులో రాయకండి. కొర్రలు, జొన్నలు కూడా అంతే. ఒకప్పుడు లేనివాళ్ల తిండి, ఇప్పుడు కొర్రబియ్యం సోనాకంటే ఖరీదు.

మూడో అడుగు: ఉల్లిగడ్డ, టమోటా

వీటికి వేరే అడుగు ఎందుకంటే, రోజూ వాడేవాటిలో ఇంత ఎగిరి ఇంత పడే ధరలు వేరేవాటికి లేవు.

మన ఉల్లి ఎక్కువగా ఖరీఫ్ పంట. ఆగస్టు నుంచి అక్టోబరు, నవంబరు దాకా వస్తుంది. వానల్లో పెరిగిన గడ్డ కాబట్టి నీరెక్కువ, నిలవుండదు. ధర పడిందని రెండు బస్తాలు దించుకుంటే సగం కుళ్లుతుంది. అమ్మేవాళ్లే ఈ సంగతి దాచరు.

"గడ్డ నిలవుంటాదా పెద్దమ్మా?"

"పదైదు దినాలు ఉంటే గొప్ప నాయనా. పచ్చిది. కావల్సినంతే కొంచబో."

కాబట్టి ఈ కాలంలో పదిహేను రోజులకు సరిపడా మాత్రమే కొనాలి, కానీ ప్యాకెట్ ధరకు కాదు. యార్డులో వేలం వ్యాపారులది, మనం పాడలేం. రైతుబజార్లలో, రోడ్డు పక్క బస్తాలు పెట్టి అమ్మేవాళ్ల దగ్గర కొనొచ్చు. మూడిళ్లవాళ్లు కలిసి ఒక బస్తా తీసుకుని పంచుకుంటే కిలోకు గణనీయంగా తగ్గుతుంది. నిలవకు కావాలంటే యాసంగి గడ్డ కొనాలి, అది మార్చి చివరి నుంచి మే లోపల వస్తుంది. చేతిలోకి తీసుకుని చూడండి. మెడ సన్నగా, ఎండిపోయి, వేలితో నొక్కితే దిగకుండా ఉండాలి. పైపొర గలగలమనాలి. మెడ లావుగా, పచ్చిగా ఉంటే ఎంత అందంగా ఉన్నా వదిలేయండి. తెచ్చాక గోనెసంచిలో ఉంచకుండా, గాలాడే చోట గంపలోనో మంచం మీదో పలుచగా పరచండి. వారానికోసారి చూసి మెత్తబడినవి తీసేయండి. ఆలుగడ్డలతో కలిపి పెట్టొద్దు, రెండూ చెడతాయి.

టమోటా కథ పత్తికొండ, ప్యాపిలి, ఆస్పరి రైతులకు బాగా తెలుసు. కిలో రూపాయికి కూడా అడిగేవాళ్లు లేక రోడ్డు మీద పారబోసిన సీజన్లున్నాయి. 2023 జులైలో అదే టమోటా చాలాచోట్ల కిలో 150, 200 పలికింది. ఈ రెండింటి మధ్య ఉన్న ఉపాయం ఒరుగులు, అంటే ఉప్పు చల్లి ఎండబెట్టిన ముక్కలు. ఇది ఎవరికి చెప్పినా "మా అవ్వ చేసేది" అంటారు. చేసేవాళ్లు తక్కువయ్యారు.

ధర పడినప్పుడు, ఎండ గట్టిగా ఉండే ఫిబ్రవరి నుంచి మే లోపల, ఐదు కిలోలతో మొదలుపెట్టండి. బాగా పండిన, గట్టిగా ఉన్న కాయలు కావాలి. నాటు టమోటాలో రసం, గింజ ఎక్కువ, ఎండడానికి ఆలస్యం. హైబ్రిడ్ కాయ మందంగా ఉంటుంది, ఒరుగులకు అదే మేలు. కడిగి, గుడ్డతో తడి లేకుండా తుడిచి, చిటికెన వేలి మందంలో చక్రాలుగా కోయాలి. మరీ పలుచగా కోస్తే గుడ్డకు అతుక్కుని ఊడిరావు. కిలోకు ఒక పెద్ద చెంచా రాళ్ల ఉప్పు చల్లి, గిన్నెలో మూడు నాలుగు గంటలు ఉంచితే అడుగున రసం దిగుతుంది. ఆ రసం పారబోయొద్దు, ఆ పూట చారులోకి వాడండి, చారుకు వేరే ఉప్పు వేయకముందే రుచి చూడండి. ముక్కలను మిద్దె మీద పాత నూలు పంచె మీద ఒకదానికొకటి తగలకుండా పరిచి, పైన పలుచని గుడ్డ కప్పాలి. కప్పేది ఈగల కోసమే కాదు, మన సీమ గాలికి లేచే దుమ్ము కోసం కూడా. మధ్యాహ్నం ఒకసారి తిప్పండి. సూర్యుడు వాలకముందే లోపలికి తెచ్చేయాలి, రాత్రి చల్లదనానికి మళ్లీ మెత్తబడతాయి. ఏప్రిల్ ఎండలో మూడో దినానికి అంచులు లోపలికి ముడుచుకుని, రంగు ముదురు ఎరుపుకు తిరుగుతుంది. వంచితే సాగకుండా టక్కున విరిగితే అయినట్టు. సాగితే ఇంకో దినం.

కిలోకు ఎండాక 100 గ్రాములు కూడా రావు, చూసి నిరాశపడకండి. పోయింది నీళ్లే. గాజు సీసాలో పెట్టి, పప్పులోకి గుప్పెడు ముక్కలు వేడినీళ్లలో నానబెట్టి వేసుకోవచ్చు. వేయించి చెనిక్కాయలతో కలిపి రోట్లో దంచితే రొట్టెలోకి పచ్చడి. జులైలో పచ్చి టమోటా ధర చూసి నవ్వుకోవచ్చు.

మిగతా కూరగాయలకు రైతుబజారు చాలు. కర్నూల్లో సి.క్యాంపుది అందరికీ తెలిసిందే. ఆ రోజు ధరల బోర్డు ద్వారం దగ్గర చూసి లోపలికి వెళ్లండి. పొద్దున్నే తాజాగా ఉంటాయి. మధ్యాహ్నం తర్వాత బేరం బాగుంటుంది. రెండూ ఒకేసారి దొరకవు.

నాలుగో అడుగు: ప్యాకెట్ చదవడం

ఇక్కడ చెప్పాల్సింది కొంచెమే. ప్యాకెట్ మీద ఎంఆర్‌పీతోపాటు గ్రాముకో కిలోకో ఎంత పడుతుందో కూడా ఇప్పుడు ముద్రించాలి. చిన్న అక్షరాల్లో ఉంటుంది, వెతికి చూడండి. ఫ్యామిలీ ప్యాక్ అన్నంత మాత్రాన చవకని కాదు. నూనె ప్యాకెట్ల మీద గ్రాములు తప్పకుండా చూడాలి. లీటరు నూనె సుమారు 910 గ్రాములు. అదే సైజు ప్యాకెట్‌లో 850, 800 గ్రాములే ఉండేవి కూడా పక్కనే పేర్చి ఉంటాయి. విడి నూనె మాత్రం ఎంత చవకైనా వద్దు, అది అమ్మకూడదని చట్టమే ఉంది.

సబ్బు, షాంపూ, టూత్‌పేస్ట్, తలనూనెల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. ఇంట్లో పాత ప్యాకెట్ ఉంటే కొత్తదానితో పక్కన పెట్టి ధర, బరువు రెండూ పోల్చండి.

ఐదో అడుగు: స్టోరు బియ్యం ఇంట్లోనే వాడడం

రేషన్ కార్డుంటే మనిషికి నెలకు 5 కిలోలు, అంత్యోదయ కార్డుకైతే కుటుంబానికి 35 కిలోలు ఉచితం. 2025 జూన్ నుంచి మళ్లీ డీలర్ల షాపుల్లోనే, నెలలో 1 నుంచి 15వ తేదీ లోపల ఇస్తున్నారు. మన వీధుల్లో జరిగేది అందరికీ తెలుసు. తెచ్చినవి తెచ్చినట్టే సైకిల్ మీద వచ్చేవాడికి కిలోకింతని పోస్తాం. అది నేరం, సరే. లెక్క ప్రకారం కూడా నష్టమే. ఆ నాలుగు రూపాయలతో మళ్లీ దోసెల పిండి ప్యాకెట్ కొంటాం.

అన్నానికి నచ్చకపోతే టిఫిన్లకు వాడండి. మూడు పాళ్ల స్టోరు బియ్యం, ఒక పాలు మినపబ్యాళ్లు, చారెడు మెంతులు వేసి రుబ్బితే దోసెలు ఎర్రగా వస్తాయి. మురుకుల పిండికి, చిత్రాన్నానికి, సంగట్లో నూకకు కూడా ఈ బియ్యం పనికొస్తుంది. ఆ బియ్యంలో నీళ్లలో తేలే తెల్లటి గింజలు కనబడితే ప్లాస్టిక్ అని ఏరి పారేయకండి. ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి తయారుచేసిన గింజలవి, వందకు ఒకటి చొప్పున కలిపినవి.

ఆరో అడుగు: గ్యాస్

2024 నవంబరులో మొదలైన రాష్ట్ర ప్రభుత్వ దీపం-2 పథకం కింద అర్హులకు ఏడాదికి మూడు సిలిండర్ల డబ్బు ఖాతాలో పడుతుంది. నాలుగు నెలలకు ఒకటి లెక్క. ఆ గడువు దాటాక అడిగితే ఆ సిలిండర్ పోయినట్టే. కాబట్టి సిలిండర్ అయిపోయినప్పుడు కాకుండా, గడువు చూసి బుక్ చేయండి. డబ్బు పడకపోతే ముందు బ్యాంకు ఖాతాకు ఆధార్ లింకు, గ్యాస్ ఈకేవైసీ చూసుకోవాలి.

సిలిండర్ దించగానే తూకం వేయించండి. గ్యాస్ 14.2 కిలోలు ఉండాలి. ఖాళీ బరువు సిలిండర్ పైన రాసి ఉంటుంది. రెండూ కలిపిన బరువు రావాలి. కాటా తేలేదంటే "తెచ్చాకే తీసుకుంటాం అన్నా" అని మర్యాదగా ఆపండి. బిల్లు మీది ధరలో ఇంటికి తెచ్చే ఖర్చు కలిసే ఉంటుంది.

వంటలో గ్యాస్ ఎక్కువ తినేది మన ఇళ్లల్లో రొట్టె. జొన్నరొట్టె ఒక్కొక్కటీ పెనం మీద కాలాలి, పెనం మధ్యలో చల్లారితే మళ్లీ వేడెక్కాలి. అందుకే రోజూ రెండేసి చేసేకంటే, వరసగా పదో పన్నెండో చేసి గుడ్డలో చుట్టి పెట్టుకుంటే మేలు. ఎండిన జొన్నరొట్టెలు ఎలాగూ మన తిండే. బ్యాళ్లు అరగంట నానబెట్టి కుక్కర్‌లో పెడితే సగం విజిల్స్ తగ్గుతాయి. మంట పసుపు రంగులోకి తిరిగి గిన్నె అడుగు నల్లబడుతుంటే బర్నర్ రంధ్రాలు మూసుకున్నాయని అర్థం. పిన్నీసుతో తీసి, కడిగి ఆరబెట్టాలి. గొట్టం, రెగ్యులేటర్ దగ్గర మాత్రం పొదుపు చేయొద్దు, ఐఎస్ఐ గుర్తున్నవే వేయించండి.

ఏడో అడుగు: కరెంటు

మొదట్లో పక్కన పెట్టిన బిల్లులు ఇప్పుడు తీయండి. 2022 ఏప్రిల్ నుంచి వచ్చిన శ్లాబులు ఇవి: మొదటి 30 యూనిట్లకు 1.90 రూపాయలు, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75. ఇవి కాక సర్దుబాటు చార్జీలు, ఇతర చార్జీలు. మీ బిల్లు మీద రేట్లు ఒకసారి సరిచూసుకోండి.

225 యూనిట్లు కాలిస్తే కరెంటు చార్జి 1,017 రూపాయలు. 300 కాలిస్తే 1,673. చివరి 75 యూనిట్లకే 656 రూపాయలన్నమాట. మొదటి 125 యూనిట్లకు అయ్యేది 417 మాత్రమే. కాబట్టి సెల్‌ఫోన్ చార్జర్ తీశామా లేదా అని పిల్లల మీద అరవడం కాదు, ఎండాకాలంలో ఆ పై శ్లాబులోకి తోసేది ఏదో పట్టుకోవాలి. ఆదివారం ఆదివారం మీటర్ రీడింగ్ గోడ క్యాలెండర్ మీద రాయండి. రెండో వారానికే ఈ నెల ఎక్కడ తేలుతుందో తెలిసిపోతుంది.

మన అదృష్టం ఏమిటంటే ఇక్కడి ఎండ పొడి ఎండ. విజయవాడ, నెల్లూరులో ఉక్కపోత, అక్కడ కూలర్ పెట్టినా ఒళ్లు జిగటే. కర్నూలు, అనంతపురం, కడపలో ఏప్రిల్, మే నెలల్లో గాలిలో తేమ తక్కువ కాబట్టి కూలర్ బాగా పనిచేస్తుంది. కూలర్‌కు 150, 200 వాట్లు చాలు. టన్నున్నర ఏసీ గంటకు సుమారు ఒక యూనిట్ తింటుంది, నడి ఎండలో ఇంకా ఎక్కువ. కానీ కూలర్‌ను తలుపులు మూసిన గదిలో పెట్టి "చల్లగా లేదు" అంటారు. కూలర్ వెనక భాగం కిటికీలో బయటికి ఉండాలి, ఎదురుగా ఇంకో కిటికీ తెరిచి ఉండాలి. గాలి లోపలికొచ్చి బయటికి పోవాలి. జూన్ చివర్లో వానలు పడ్డాక కూలర్ పని అయిపోతుంది, అప్పుడు ఫ్యాను చాలు. ఏసీ తప్పని ఇంట్లో 24 మీద పెట్టి, దానికి తోడు ఫ్యాను తిప్పండి. 18కి తగ్గిస్తే గది త్వరగా చల్లబడదు, మిషను ఆగకుండా తిరుగుతుంది, అంతే.

ఫ్యానుల విషయంలో లెక్క స్పష్టం. పాత ఫ్యాను 75 వాట్లు, బీఎల్‌డీసీ అనే కొత్త రకం మోటారు ఉన్న ఫ్యాను 30 వాట్ల చుట్టూ. రోజుకు 15 గంటలు తిరిగితే నెలకు 20 యూనిట్లు మిగులుతాయి. పై శ్లాబులో ఉన్న ఇంటికి అది 175 రూపాయలు. అన్నీ ఒకేసారి మార్చొద్దు. పడకగదిలోది, ముసలివాళ్లు పగలంతా కూర్చునే గదిలోది ముందు. ఎవరూ కూర్చోని గదిలో ఫ్యాను మారిస్తే ఆ ధర ఎప్పటికీ రాదు.

మిద్దెకు మార్చిలో సున్నం కొట్టించండి. ఖర్చు తక్కువ, కింది గది వేడి తగ్గడం చేతితో గోడ తాకితేనే తెలుస్తుంది. పాత మట్టిమిద్దెల్లో ఈ బాధ లేదు. ఆర్‌సీసీ స్లాబు పగలు తాగిన ఎండనంతా రాత్రి మనమీద వదులుతుంది. ఎండాకాలం గీజర్ స్విచ్ తీసేయండి, ట్యాంకులో నీళ్లే పొగలు కక్కుతుంటాయి.

సొంత మిద్దె ఉండి, ఏడాది పొడుగునా బిల్లు పై శ్లాబుల్లోనే ఉంటే సోలార్ ఆలోచించొచ్చు. 2024 ఫిబ్రవరిలో వచ్చిన పీఎం సూర్యఘర్ కింద కిలోవాట్‌కు 30,000 చొప్పున 2 కిలోవాట్ల దాకా, 3 కిలోవాట్లకు 78,000 రూపాయలు సబ్సిడీ. బిల్లు 150 యూనిట్లు దాటని ఇంటికి మాత్రం తొందరేం లేదు, అమ్మేవాళ్లు ఎంత చెప్పినా.

ఎనిమిదో అడుగు: బస్సు, మందులు, పన్ను

స్త్రీశక్తి పథకం 2025 ఆగస్టు 15న మొదలైంది. పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ డబ్బు లేదు. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చేతిలో ఉండాలి. రాష్ట్రం దాటే బస్సుకు వర్తించదు, తుంగభద్ర దాటి అలంపురం వైపు పోయేవాళ్లు గుర్తుపెట్టుకోవాలి. పల్లెల నుంచి కర్నూలుకు, ఆదోనికి ఏడాది సరుకు కోసం వచ్చే ఆడవాళ్లకు ఇది పెద్ద ఆదా.

బీపీ, షుగర్ మాత్రలు నెలనెలా కొనే ఇంట్లో మందుల ఖర్చు కూరగాయలను మించిపోతుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, పట్టణ ఆరోగ్య కేంద్రాల్లో ఈ మాత్రలు ఉచితం. అక్కడ దొరకనివి, కంపెనీ పేరుతో కాకుండా మందు పేరుతోనే అమ్మే జన్ ఔషధి షాపుల్లో చవగ్గా ఉంటాయి. డాక్టరును "మందు పేరు రాయండి సార్, కంపెనీ పేరు కాదు" అని అడగడానికి మొహమాటపడొద్దు. మాత్ర మార్చేముందు మాత్రం ఆయనకు చెప్పే మార్చండి.

ఏడాది ఇంటి పన్ను మొత్తం ఏప్రిల్ 30 లోపల కడితే మున్సిపాలిటీల్లో 5 శాతం తగ్గింపు ఉంది. నోటుబుక్కులో ఏప్రిల్ పేజీలో మొదటి గీత ఇదే.

తొమ్మిదో అడుగు: వడ్డీ

ఇంతవరకు చెప్పినవన్నీ కలిపినా, రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు ఒకటి ఇంట్లో ఉంటే దాని ముందు చిన్నవే. 50,000కు రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు 1,000. అదే మొత్తం బ్యాంకులో బంగారం మీద ఏడాదికి 9 శాతం చొప్పున తీసుకుంటే నెలకు 375. తేడా 625 రూపాయలు, ప్రతి నెలా. బీరువాలో బంగారం పెట్టుకుని బయట రెండు రూపాయల వడ్డీ కట్టే ఇళ్లు మన వైపు చాలా ఉన్నాయి. కుదువ పెడితే పరువు పోతుందని. ఆ పరువు ధర నెలకు 625.

డ్వాక్రా సంఘంలో ఉన్నవాళ్లు ముందు అక్కడ అడగండి. బ్యాంకుకు వెళ్లాల్సి వస్తే, ఉన్న నగలన్నీ ఒకే లోను కింద పెట్టకండి. గాజులు ఒక లోను, గొలుసు ఒక లోను అని వేరుగా రాయించండి. కంది అమ్మినప్పుడో, బోనస్ వచ్చినప్పుడో చిన్న లోను కట్టేసి ఆ నగ ఇంటికి తెచ్చుకోవచ్చు. అన్నీ ఒకే సంచిలో ఉంటే మొత్తం తీరేదాకా ఏదీ బయటికి రాదు. గడువు తేదీ కూడా అదే నోటుబుక్కులో, ఆ నెల పేజీ పైన ఎర్ర ఇంకుతో రాసుకోండి. వేలం నోటీసు వచ్చాక పరుగెత్తితే నోటీసు ఖర్చు కూడా మన నెత్తినే వేస్తారు.